పదమూడు దాటగానే పిల్లలు లైబ్రరీకి రావడం మానేస్తున్నారు. ఏ నవలలు ఇవ్వాలి, ఏం కార్యక్రమాలు పెట్టాలి?

మెట్లదగ్గర

అందరికీ నమస్తే. నేను ఒక పబ్లిక్ లైబ్రరీలో పని చేస్తున్నాను. ఇన్నాళ్లూ ఇష్యూ కౌంటర్లో ఉండేదాన్ని, పోయిన నెల నుంచి టీనేజ్ పిల్లల విభాగం, అంటే 13 నుంచి 18 ఏళ్ల వాళ్లది, నాకు అప్పగించారు. విభాగం అని పేరే గాని ఉన్నవి రెండు ర్యాకులు, ఒక బల్ల, ఆరు కుర్చీలు. అందులో ఒక ర్యాకంతా పరీక్షల గైడ్లే.

నన్ను బాగా బాధపెడుతున్నది ఒకటుంది. పదేళ్లప్పుడు సంచీ నిండా పుస్తకాలు మోసుకెళ్లిన పిల్లలే పదమూడు రాగానే కనిపించకుండా పోతున్నారు. ఊరికే అనుకోవడం ఎందుకని పాత కార్డులు తీసి చూశాను, చాలా కార్డుల మీద ముద్రలు పన్నెండో ఏట ఆగిపోయాయి.

మొన్న ఒక అబ్బాయి వచ్చాడు, పద్నాలుగేళ్లుంటాయేమో. ర్యాకు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక పుస్తకం తీస్తాడు, వెనక అట్ట చదువుతాడు, చివరి పేజీ చూస్తాడు, మళ్లీ పెట్టేస్తాడు. అలా ఐదారు తీశాడు. నేను వెళ్లి "ఎలాంటి పుస్తకాలు ఇష్టం నీకు?" అని అడిగాను. "ఏమో" అని వెళ్లిపోయాడు. ఆ "ఏమో" నన్ను ఇంకా వదల్లేదు. నాకు నవలల పేర్లు కావాలి, పిల్లలు నిజంగా వచ్చే కార్యక్రమాలు కావాలి, అన్నిటికంటే ముందు ఆ అబ్బాయితో ఏం మాట్లాడి ఉండాల్సిందో ఎవరైనా చెప్పండి.

పాతఅట్ట

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లకు దగ్గరగా లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. మీరు అడిగిన ప్రశ్నలో తప్పు లేదు గాని అది చదివే అలవాటున్నవాళ్లను అడగాల్సిన ప్రశ్న. పద్నాలుగేళ్ల పిల్లాడికి తనకేం ఇష్టమో తనకే ఇంకా తెలియదు, తెలిసినా ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పడు. నేను చాలా ఏళ్లు తప్పు చేశాక నేర్చుకున్నది ఏమిటంటే, పుస్తకాల ఊసెత్తకుండా మొదలుపెట్టాలి. ఈమధ్య ఏ సినిమా చూస్తుంటే లేవబుద్ధి కాలేదు, ఏ గేమ్ ఆడుతుంటే టైమ్ తెలియలేదు, అని అడగండి. వాడు చెప్పిన దాంట్లో కథను కాదు, దాని నడకను పట్టుకోవాలి. పరుగులు పెట్టే కథ కావాలా, నిదానంగా మనుషుల్ని చూపించేది కావాలా, భయపెట్టేదా, నవ్వించేదా. మా వృత్తిలో దీని మీద పెద్ద పుస్తకాలే రాశారు. జాయిస్ సారిక్స్ అనే ఆవిడ విషయాన్ని బట్టి కాకుండా వేగం, పాత్రలు, కథనం, వాతావరణం చూసి పుస్తకం సూచించడాన్ని ఒక పద్ధతిగా చేసి పెట్టారు. క్రికెట్ ఆడే పిల్లాడికి క్రికెట్ నవలే ఇవ్వాలని లేదు. ఆఖరి ఓవర్ దాకా ఊపిరి బిగబట్టించే కథ ఏదైనా వాడికి పడుతుంది.

ఆ తర్వాత మూడు పుస్తకాలు తీయండి. ఒకటిస్తే ఆజ్ఞలా ఉంటుంది, పది ఇస్తే బెదిరిపోతాడు. ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు చెప్పి, బల్ల మీద పెట్టి, అక్కణ్ణుంచి వెళ్లిపోండి. వెళ్లిపోవడమే అన్నిటికంటే ముఖ్యం. మనం నిలబడి చూస్తుంటే వాళ్లు ఏదీ తీసుకోరు.

మన దేశపు లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో రెండోది "ప్రతి పాఠకుడికీ తన పుస్తకం", మూడోది "ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు". పరీక్ష కోసం బట్టీ పట్టినప్పుడు రెండూ ఒకటే కదా అనుకున్నాను. ఒకటి కాదు. రెండోది మన దగ్గరికి వచ్చినవాడి గురించి, మూడోది ర్యాకులో దుమ్ము పట్టి కూర్చున్న పుస్తకం తరఫున మనం చేయాల్సిన పని గురించి.

తెల్లసుద్ద

నేను హైస్కూల్ టీచర్ని. పాతఅట్ట గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క దగ్గర తప్ప. పిల్లల ఇష్టం, పిల్లల ఇష్టం అంటూ పోతే వాళ్లు ఒకే రకం పుస్తకం ఇరవైసార్లు చదువుతారు. మంచి భాష, మంచి సాహిత్యం ఎవరో ఒకరు చేతికివ్వాలి కదా. నేను క్లాసులో బారిస్టర్ పార్వతీశం మొదటి భాగం పైకి చదివి వినిపించాను. అది వచ్చింది 1924లో. వందేళ్ల నాటి పుస్తకానికి ఇప్పటి పిల్లలు నవ్వుతారా అని నాకే అనుమానంగా ఉండింది. మొగల్తూరు నుంచి ఇంగ్లండు ప్రయాణం కట్టిన ఆ అమాయకుణ్ణి చూసి వెనక బెంచీలో తల వాల్చి పడుకునే పిల్లలు కూడా లేచి కూర్చుని, బెల్ కొట్టాక "సార్, ఇంకో పేజీ" అన్నారు. ఈ పుస్తకాన్ని వాళ్లంతట వాళ్లు ర్యాకులోంచి ఎప్పటికీ తీసేవాళ్లు కాదు.

పదహారేళ్లు

నమస్తే, నాకు 16. ఇక్కడ అందరూ పెద్దవాళ్లే ఉన్నట్టున్నారు, అయినా రాస్తున్నాను.

అక్కా, ఆ అబ్బాయి ఎందుకు వెళ్లిపోయాడో నేను చెప్పగలను. మీరు అడిగిన ప్రశ్న వల్ల కాదు. అందరూ వినేలా అడిగారు, అది అసలు సంగతి. లైబ్రరీలో మామూలుగా మాట్లాడినా గది మొత్తానికి వినిపిస్తుంది. నేను పదమూడేళ్లప్పుడు ఒక ప్రేమకథ అడిగితే కౌంటర్లో ఉన్నాయన "ఈ వయసులో ఇవా?" అన్నారు, క్యూలో ఉన్నవాళ్లంతా చూశారు. రెండేళ్లు మళ్లీ వెళ్లలేదు. మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక కూడా కార్డు మీద తీసుకునేవాణ్ణి కాదు, ఇంటికి తీసుకెళ్తే ఏం పుస్తకం, ఎందుకు, సిలబస్ అయిపోయిందా అని అడుగుతారని అక్కడే కూర్చుని చదివేసేవాణ్ణి. కాబట్టి మీ రిజిస్టర్లో పేరు లేదంటే చదవట్లేదని అనుకోకండి.

తెల్లసుద్ద సార్, మీ క్లాసులో ఉంటే బాగుండేది. కానీ మీరు చదివి వినిపించారు, తర్వాత ప్రశ్నలు రాయమనలేదు అనుకుంటున్నాను. ప్రశ్నలు రాయమంటే మాత్రం అది ఎంత మంచి పుస్తకమైనా పాఠం అయిపోతుంది సార్.

తెల్లసుద్ద

రాయమన్నాను నాయనా. ఆ వారం కాదు, తర్వాతి వారం. అప్పటి నుంచి "ఇంకో పేజీ" అనడం ఆగిపోయింది, కారణం ఇప్పుడు నువ్వు చెప్తే అర్థమైంది.

మూడోవరుస

నేను ఒక లైబ్రరీలో ఆరేళ్లుగా టీనేజ్ బుక్ క్లబ్ నడుపుతున్నాను, వాలంటీర్‌గా. పేర్లు అడిగారు కాబట్టి నా చేతుల మీదుగా ఎక్కువసార్లు వెళ్లి, చిరిగి, మళ్లీ కొనాల్సి వచ్చిన వాటినే చెప్తాను.

ఇప్పటిదాకా ఒక్క నవలా పూర్తి చేయలేదు అనే పిల్లలకు నేను మొదట ఇచ్చేది జేసన్ రేనాల్డ్స్ రాసిన లాంగ్ వే డౌన్. 2017లో వచ్చింది, మొత్తం కవితల్లో ఉంటుంది. అన్నను ఎవరో కాల్చి చంపారు, పగ తీర్చుకోవడానికి పదిహేనేళ్ల తమ్ముడు తుపాకీ నడుముకు దోపుకుని లిఫ్ట్ ఎక్కాడు, ఆ లిఫ్ట్ కిందికి దిగే ఒక్క నిమిషంలో కథంతా నడుస్తుంది. ఒక్కో అంతస్తులో చనిపోయినవాళ్లు ఒక్కొక్కరే ఎక్కుతుంటారు. పేజీలో అక్షరాలు తక్కువ, ఖాళీ ఎక్కువ. లావు పుస్తకాన్ని ఒక్క బిగిన అవగొట్టానన్న తృప్తి మొదటిసారి రుచి చూసిన పిల్లాడు వేరేగా నడుస్తాడు, నేను చూశాను.

ఒంటరిగా బతికి బయటపడే కథలంటే హ్యాచెట్, గ్యారీ పాల్సన్, 1987. చిన్న విమానం, ఉన్నది ఇద్దరే, గాలిలో ఉండగా పైలట్‌కు గుండెపోటు. పదమూడేళ్ల పిల్లాడు, చేతిలో చిన్న గొడ్డలి, చుట్టూ కెనడా అడవి. ఇంతే చెప్పి ఆపేస్తాను. మిగతాది చెప్పమని వాళ్లే అడుగుతారు, చెప్పను.

ఆలోచించే పిల్లలకు లోయిస్ లౌరీ ది గివర్, 1993 నాటిది. బాధ లేని ఊరు, యుద్ధం లేదు, ఆకలి లేదు, రంగులు కూడా లేవు. ముగింపు మీద మా క్లబ్‌లో ఒకసారి రెండు గంటలు గొడవ జరిగింది, కథలోని పిల్లవాడు బతికాడా లేదా అని. ఎవరూ తగ్గలేదు. అగాథా క్రిస్టీ అండ్ దెన్ దేర్ వర్ నన్ 1939 నాటిదైనా ఫోన్లో థ్రిల్లర్ సిరీస్‌లు చూసేవాళ్లు వదలకుండా చదువుతారు, దీవిలో పదిమంది, ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు. నా వయసు వాళ్ల గురించి నా వయసువాళ్లే రాస్తే బాగుండు అనే పిల్లకు ది అవుట్‌సైడర్స్ ఇవ్వండి. ఎస్. ఇ. హింటన్ అది మొదలుపెట్టినప్పుడు ఆమెకు 15, 1967లో అచ్చయ్యేసరికి 18. ఆ వయసు ముందు చెప్పి ఆ తర్వాత పుస్తకం చేతికిస్తాను.

ఇంకోమాట. బొమ్మల నవలల్ని దయచేసి చిన్నపిల్లల అరలో పెట్టకండి. పెర్సెపొలిస్‌లో విప్లవం కింద ఎదుగుతున్న ఇరాన్ అమ్మాయి ఉంది, మౌస్‌లో హిట్లర్ శిబిరాల నుంచి బతికి వచ్చిన తండ్రి ఉన్నాడు. మౌస్‌కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. బొమ్మలుంటే చదివినట్టు కాదు అనే పెద్దవాళ్లకు నేను ఈ రెండూ ఇచ్చి పంపిస్తాను.

నిద్రపట్టనిచదువరి

నాకు పదిహేనేళ్ల అమ్మాయి ఉంది, తల్లిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. తుపాకీ, పగ, చావు. ఇవి పిల్లలకు అవసరమా? అసలే వాళ్లకు చదువుల టెన్షన్. లైబ్రరీకి పంపిస్తే మనసు తేలికపడే పుస్తకం చదువుతుందని పంపిస్తాం. నేనేమీ పుస్తకాలు ఆపేయమనడం లేదు. భయంగా ఉంది, అంతే.

పాతఅట్ట

మీ భయం న్యాయమైనదే అమ్మా. కౌంటర్ అవతల నిలబడి మీలాంటి తల్లులతో చాలాసార్లు మాట్లాడాను. నేను ఒక్కటే గమనించాను. తన మనసు తట్టుకోలేని చోటికి వచ్చినప్పుడు పిల్లలు పుస్తకం మూసేస్తారు. స్క్రీన్ మీద అయితే కళ్లు తిప్పుకునేలోపే బొమ్మ వచ్చి పడుతుంది, పుస్తకంలో మాత్రం చీకటి ఎంత ఉండాలో చదివేవాళ్లే వేసుకుంటారు. పిల్లల సాహిత్యం మీద పని చేసిన అమెరికన్ ప్రొఫెసర్ రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక వ్యాసంలో పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చారు. అద్దంలో మనం కనిపిస్తాం, కిటికీలోంచి ఇంకొకళ్ల బతుకు కనిపిస్తుంది. మీ అమ్మాయి చేతిలో చావు గురించిన పుస్తకం ఉందంటే అది కిటికీ కావచ్చు, అద్దం కూడా కావచ్చు. అద్దం అయితే మాత్రం మీరు తెలుసుకోవాలి, పుస్తకం లాగేసుకుంటే ఎప్పటికీ తెలియదు. తను చదివిన పుస్తకమే తర్వాత మీరూ చదవండి. మాట అక్కణ్ణుంచి దానంతటదే వస్తుంది.

నిద్రపట్టనిచదువరి

నేను చదవడం ఆపి పదేళ్లయింది సార్. సరే, మొదలుపెడతాను.

చెవులతోచదువు

మనమంతా మర్చిపోతున్న పిల్లల గురించి ఒక్కమాట. మా తమ్ముడికి డిస్లెక్సియా. పదమూడో ఏట వాడి బుర్ర పదమూడేళ్లదే, చదివే వేగం మాత్రం ఎనిమిదేళ్లది. వాడికి ఎప్పుడూ పిల్లల పుస్తకాలే ఇచ్చేవాళ్లు, కుందేలూ తాబేలూ. ఆ అవమానం వాడు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆడియో పుస్తకం దొరికాక పరిస్థితి మారింది. చెవిలో కథ నడుస్తుంటే వేలితో అచ్చు పుస్తకం మీద వరస వెంట వెళ్లేవాడు. వింటే చదివినట్టు కాదని ఒక బంధువు అన్నప్పుడు వాడు ఆ నవలలో పాత్రలన్నిటి పేర్లూ, ఎవరు ఎప్పుడు అబద్ధం చెప్పారో కూడా అప్పజెప్పాడు. మెట్లదగ్గర గారూ, మీ రెండు ర్యాకుల్లో ఆడియోకి ఒక చోటు, పెద్ద అక్షరాలు, వరసల మధ్య ఖాళీ ఎక్కువున్న పుస్తకాలకు ఒక చోటు ఉంచండి. దాని మీద "సులభమైనవి" అని మాత్రం బోర్డు రాయకండి, ఆ బోర్డు ఉంటే ఒక్కరూ అటు వెళ్లరు.

మెట్లదగ్గర

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. కార్యక్రమాల సంగతి కూడా చెప్పండి. మా పైఅధికారి సెలవుల్లో పోటీ పెడదామంటున్నారు, ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి. నాకెందుకో మనసొప్పడం లేదు, కానీ కాదనడానికి కారణం చెప్పలేకపోతున్నాను.

మూడోవరుస

మేం మొదటి ఏడాది అదే చేశాం. ఒక పిల్లాడు నెలలో 40 పుస్తకాలు "చదివాడు", అన్నీ వెతికి వెతికి సన్నవే తీసుకున్నాడు. పోటీ అయిన మర్నాడు నుంచి కనిపించలేదు. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి నిజంగా చదివింది, ఓడిపోయానని ఏడ్చింది. చదవడంలో ఓడిపోవడం అనేది ఒకటి మేమే కనిపెట్టి ఆ పిల్లకు ఇచ్చినట్టయింది.

దీని మీద పాత ప్రయోగం కూడా ఒకటి ఉంది, మీ అధికారికి చెప్పొచ్చు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేశారు. బొమ్మలు గీయడం అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లలు బొమ్మలు గీసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. వాళ్లు చిన్నపిల్లలే, టీనేజ్ వాళ్లు కాదు, అది కూడా దాచకుండా చెప్పండి. కానీ మా పోటీలో నేను కళ్లారా చూసిందీ అదే.

ఇప్పుడు మేం చేసేది వేరు. లెక్క పెట్టాల్సి వస్తే పుస్తకాలు కాదు, నిమిషాలు లెక్కపెడతాం, అది కూడా అందరివీ కలిపి. గోడ మీద ఒక పెద్ద కాగితం, ఎవరు చదివినా అందులో ఒక గడి నిండుతుంది, పేర్లు ఉండవు. అందరూ ఒకే పుస్తకం చదివి రావాలన్న నియమం కూడా తీసేశాం. ఆ నియమం ఉన్నప్పుడు సగం మంది పూర్తి చేయలేక మొహం చెల్లక మానేసేవాళ్లు. ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్లు తెస్తారు, లేదా తేరు. మొదటి అరగంట ఊరికే చదువుకోవడం, ఎవరూ ఎవరినీ పలకరించరు. తర్వాత మాటలు. బ్రిటిష్ రచయిత ఏడన్ ఛేంబర్స్ చెప్పిన నాలుగు ప్రశ్నలతోనే బండి నడుస్తుంది: నచ్చిందేమిటి, నచ్చనిదేమిటి, అర్థం కానిదేమిటి, మళ్లీ మళ్లీ వస్తున్నట్టు అనిపించిందేమిటి. ఇందులో రెండోది మొదట అడుగుతాను. టీనేజ్ పిల్లల్ని నచ్చనిది చెప్పమంటే నోరు తెరుస్తారు, అక్కణ్ణుంచి తిట్టుకుంటూ తిట్టుకుంటూ నచ్చిన దానికి వస్తారు.

మొదటి మూడు వారాలు ఇద్దరే వచ్చారు. నాలుగో వారం ఒక్కరే. ఆ ఒక్క అమ్మాయితో అరగంట ఎదురెదురుగా కూర్చుని చదువుకున్నాను. దయచేసి ఆరు నెలలు ఆపకండి.

పదహారేళ్లు

పుస్తకం సగంలో వదిలేయొచ్చని బోర్డు పెట్టండి అక్కా. నిజంగా. మాకు స్కూల్లో మొదలుపెట్టింది పూర్తి చేయాలనే నేర్పిస్తారు, నచ్చని పుస్తకం పూర్తి చేయలేక, ఇంకోటి మొదలుపెట్టలేక అక్కడే ఆగిపోతాం.

పాతఅట్ట

బాబు బంగారం లాంటి మాట చెప్పాడు. డానియల్ పెనాక్ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు 1992లో పాఠకుడికి పది హక్కులు రాశాడు. చదవకుండా ఉండే హక్కు, పేజీలు దాటేసే హక్కు, పూర్తి చేయకుండా వదిలేసే హక్కు, ఈ మూడూ మొదట్లోనే ఉంటాయి. అమెరికాలో లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ యాభై పేజీల లెక్క చెప్పేవారు, యాభై చదివినా పట్టుకోకపోతే నిశ్చింతగా మూసేయమని. యాభై దాటిన నాలాంటివాళ్లు వందలోంచి తమ వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలట.

తెలుగులో చదివే పిల్లలకు ఒకటి చేర్చుకోండి. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన కాంచనద్వీపం. దాని మూలం ట్రెజర్ ఐలాండ్, స్టీవెన్సన్ తన సవతి కొడుకుతో కలిసి వాన రోజుల్లో ఒక దీవి మ్యాప్ గీస్తూ కూర్చుంటే ఆ మ్యాప్‌లోంచి పుట్టిన కథ. నేను పిల్లలకు పుస్తకం ఇవ్వకముందు తెల్లకాగితం ఇచ్చి దీవి గీయమనేవాణ్ణి. కొండ ఎక్కడ, నీళ్లెక్కడ, ఓడ ఎక్కడ ఆగుతుంది. గీశాక "ఇలాంటిది ఒకటి ఈ పుస్తకంలో ఉంది" అని చెప్పి పక్కన పెట్టేవాణ్ణి.

తెల్లసుద్ద

నేను మా స్కూల్లో ఈ టర్మ్ నుంచి వారానికి ఒక పీరియడ్ ప్రశ్నల్లేని చదువు పెడుతున్నాను. హెడ్‌మాస్టర్ ఒప్పుకున్నారు. మెట్లదగ్గర గారూ, మీ విభాగంలో పిల్లలే ర్యాకు సర్దితే ఎలా ఉంటుంది? మా లైబ్రరీ అల్మారా తాళం ఇద్దరు విద్యార్థులకు ఇచ్చిన రోజు నుంచి పుస్తకాలు పోవడం తగ్గింది.

మెట్లదగ్గర

ఆరు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

పోటీ ఆగింది. అధికారి ప్రయోగం సంగతి విని ఊరుకున్నారు గాని, ఏడ్చిన అమ్మాయి సంగతి చెప్పగానే సరేనన్నారు. శనివారాలు అరగంట చదువు పెట్టాను. మొదటి వారం ముగ్గురు, రెండో వారం ఇద్దరు, మొన్న ఏడుగురు. ఆరే కుర్చీలు, ఒకమ్మాయి కింద కూర్చుంది, తర్వాత కుర్చీ తెచ్చినా లేవలేదు. ఆ అమ్మాయే గైడ్ల ర్యాకు మార్చేద్దామా అని అడిగింది. ఇద్దరం కలిసి గైడ్లన్నీ రీడింగ్ హాల్లోకి మోశాం. ఖాళీ అయిన ర్యాకులో పుస్తకాలు అట్టలు కనపడేలా పెట్టింది, రంగుల వరసలో. నాకు వర్గీకరణ సంఖ్యలు గుర్తొచ్చి గుండె గుబేలుమంది, అయినా ఉంచేశాను.

ఆ "ఏమో" అబ్బాయి మళ్లీ వచ్చాడు. ఈసారి నేను ఏమీ అడగలేదు. పక్క బల్ల మీద మూడు పుస్తకాలు పెట్టి, హ్యాచెట్ గురించి విమానం దాకా చెప్పి కౌంటర్‌కు వెళ్లిపోయాను. వాడు మూడూ అక్కడే వదిలేసి ఇంటికెళ్లాడు. నాకు నీరసం వచ్చింది.

మర్నాటి నుంచి హ్యాచెట్ కనిపించలేదు. రిజిస్టర్లో ఇష్యూ అయినట్టు లేదు, పోయిందేమోనని రాసిపెట్టాను. నిన్న ఎన్‌సైక్లోపీడియాలు తుడుస్తుంటే వాటి వెనక, గోడకు ఆనించి, దొరికింది. మధ్యలో బస్ టికెట్, 61వ పేజీ దగ్గర.

పదహారేళ్లు

అక్కా దాన్ని కదపకండి!!

మెట్లదగ్గర

కదపలేదు. ఆ వరస తుడవడం మానేశాను. ఇవాళ సాయంత్రం చూశాను, టికెట్ 88 దగ్గరుంది.